రెండు వందల నలభై సందేహాలు

"మళ్ళీ," అంది సీతారత్నం.

అరవై మంది పిల్లలు కళ్ళు మూసుకుని మూడు ఊపిరులు తీసి వదిలారు. కళ్ళు తెరిచారు. అరవై తలలు ఒకే కొలతలో కుడివైపుకు వాలాయి.

"అయితే మేడం," అన్నారు అందరూ ఒక్క గొంతుతో, "దీనికి విరుద్ధమైన ఆధారం ఎక్కడైనా ఉందా?"

"తల అంతలా వాల్చకండి. మెడ పట్టేసినవాళ్ళలా ఉన్నారు. సొంతంగా ఆలోచించేవాళ్ళు కాస్తే వాలుస్తారు. 'అయితే' అన్నాక కొంచెం ఆగాలి. సందేహం అప్పుడే పుట్టినట్టుండాలి. ఏదీ, మళ్ళీ."

ఏడింటికి మొదలుపెడితే ఇది మూడో పీరియడ్. ఈ సందేహం వరుసలో పదిహేడోది. పరీక్షలో అడగదగ్గ ఆమోదిత సందేహాలు మొత్తం రెండు వందల నలభై. వివేక పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి కాబట్టి ఈలోగా రెండుసార్లు మొత్తం తిరగెయ్యాలని ప్రజ్ఞాసౌధం కళాశాల యాజమాన్యం ఉత్తర్వు వేసింది. సీతారత్నానికి అప్పుడే గొంతు బొంగురుపోయింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో పొద్దుటి నుంచీ నిలబడి సందేహపడటం అంత తేలిక కాదు.

పిల్లల నుదుళ్ళ మీద స్వబుద్ధి పట్టీలు వెలుగుతున్నాయి. వేలెడు వెడల్పున్న పట్టీ, మధ్యలో శెనగగింజంత దీపం. ముందే ఎరిగిన విషయం తలలోకి వచ్చినప్పుడు మెదడులో చిన్న కదలిక ఒకటి పుడుతుంది. ఓహో, ఇది నాకు తెలిసిందే కదా అనే కదలిక. శాస్త్రవేత్తలు దానికి పరిచయ స్పందన అని పేరు పెట్టారు. పట్టీ పట్టుకునేది దాన్నే. ఆ కదలిక ఉంటే దీపం ఎరుపు, అంటే బట్టీ పట్టింది అప్పజెబుతున్నారన్నమాట. లేకపోతే పచ్చ, అంటే సొంత బుర్రతో ఆలోచిస్తున్నారన్నమాట. ఇప్పుడు తరగతిలో అరవై దీపాలూ పచ్చగానే ఉన్నాయి.

పట్టీ లేనిదే రాష్ట్రంలో ఏ పనీ జరగడం లేదు. ఉద్యోగం ఇంటర్వ్యూకి పట్టీ కావాలి, కోర్టు బోనులో సాక్షికి కావాలి. పెళ్ళిచూపుల్లో కాఫీ కప్పు అందుకోకముందే అబ్బాయి సగటు పచ్చ ఎంత అని అడుగుతున్నారు. పురోహితులకూ సంగీతం పాడేవాళ్ళకూ ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది, పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. రాజకీయ నాయకులు మటుకు పట్టీ కడితే తలనొప్పి వస్తోందని వైద్యుల చేత రాయించుకున్నారు. ఎక్కాలు నేర్పే తల్లులు తలుపులు వేసుకుని, గొంతు తగ్గించి నేర్పుతున్నారు.

"పద్దెనిమిది," అంది సీతారత్నం. ఇంతలో గంట మోగి ఆమెను కాపాడింది.

స్టాఫ్ రూంలో ఆమె గోరువెచ్చని నీళ్ళు తాగి కుర్చీలో వెనక్కి వాలింది. ఎదురుగా గోడ మీద ఆమె ఫొటోయే ఉంది, కింద 'తుడుపు పద్ధతి రూపకర్త' అని అక్షరాలు. ఆ ఫొటోలో జుట్టు నల్లగా ఉంది, మొహంలో నవ్వు కూడా ఉంది. ఆమె ఆ గోడ వైపు చూడటం మానేసి చాలా ఏళ్ళయింది.

ఇరవై రెండేళ్ళ క్రితం, పట్టీని తప్పనిసరి చేస్తూ వివేక చట్టం వచ్చిన రోజున స్వీట్లు పంచింది ఈ సీతారత్నమే. అప్పుడామె లెక్కల టీచరు. బట్టీ చదువులతో విసిగి వేసారి ఉంది. ఒకసారి గైడులో ఉన్న లెక్కలో మామిడిపళ్ళు తీసేసి జామకాయలు పెట్టి ఇచ్చింది. అంకెలు అవే. తరగతి మొత్తం కలాలు కింద పెట్టేసి, "ఇది సిలబస్‌లో లేదు మేడం," అంది. ఆ రోజు ఇంటికి వెళ్ళి ఆమె నిజంగానే ఏడ్చింది. అందుకే పట్టీ వచ్చినప్పుడు, ఇక నుంచి పిల్లలు బుర్ర వాడతారని మనస్ఫూర్తిగా నమ్మింది.

పట్టీ వచ్చిన రెండో ఏడు పావని అనే పిల్ల మూడుసార్లు తప్పింది. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్ల. ఎక్కడ ఏ లెక్క చూసినా చుట్టాన్ని చూసినట్టు ఆ పిల్ల మొహం వెలిగిపోయేది, దాంతోపాటు దీపం ఎర్రగా వెలిగేది. పరీక్షకులు బట్టీ అని కొట్టేశారు. సీతారత్నం జాలిపడి ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. లెక్క చూడగానే మూడు ఊపిరులు తియ్యమంది. ఒక్కో ఊపిరితో 'ఇది నాకు తెలుసు' అన్న భావాన్ని పలక మీద గీతలా తుడిచెయ్యమంది. విషయం ఉంచుకో, పరిచయం మాత్రం తుడిచెయ్యి అని చెప్పింది. నాలుగోసారి పావనికి అంతా పచ్చే వచ్చింది.

కళాశాలలకు ఆ మాట చేరడానికి వారం పట్టలేదు. పిల్లలకు సందేహాలు బట్టీ పట్టించి, ఆ పైన తుడుపు నేర్పితే పట్టీ మోసపోతుందని తెలిశాక ఇంకెవరాగుతారు? ఏ చదువును పాతరేద్దామని చట్టం తెచ్చారో ఆ చదువే తలకు పచ్చదీపం పెట్టుకుని మళ్ళీ బడికొచ్చింది. పావని ఆరేళ్ళ క్రితం రైల్వే స్టేషన్‌లో ఎదురైంది. చాలా మర్యాదగా చేతులు జోడించి, "మీ గురించి నాకు తెలుసు మేడం," అని వెళ్ళిపోయింది. ఎంత గర్వం పెరిగిందో అని సీతారత్నం అప్పుడు నొచ్చుకుంది.

డీన్ ఉపేంద్ర లోపలికి వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, ఎప్పుడూ హడావుడిగా ఉంటాడు.

"మేడం, ఇందుజ వాళ్ళ అమ్మగారు వచ్చారు. గేటు దగ్గర గొడవ. పిల్లని తీసుకెళ్ళిపోతానంటున్నారు."

"ఇందుజనా?"

"అదే కదా నా బాధ. మోడల్ పరీక్షలు ఇరవై ఆరు రాస్తే ఇరవై ఆరింట్లోనూ నూటికి నూరు పచ్చ. ఒక్కసారి కూడా ఎరుపు మిణుకుమనలేదు. రాష్ట్రంలో మొదటి ర్యాంకు మనదే. మీరు కాస్త మాట్లాడండి. తొమ్మిది రోజులు ఓపిక పడితే చాలని చెప్పండి. మీ మాటైతే వింటారు."

సందర్శకుల గదిలో నలభై ఏళ్ళ ఆడమనిషి కుర్చీ అంచున కూర్చుని ఉంది. పేరు భ్రమరాంబ. మంగళగిరిలో మగ్గం నేస్తుంది. చీర మీద అక్కడక్కడా నూలు పోగులు అంటుకుని ఉన్నాయి, మగ్గం దగ్గర్నుంచి లేచి అలాగే బస్సెక్కినట్టుంది. సీతారత్నాన్ని చూసి లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా. ఏమైందో చెప్పండి."

"నేను గొడవ పడటానికి రాలేదండీ. ఆ గేటాయన లోపలికి పంపనంటే గట్టిగా అరిచాను, అంతే." భ్రమరాంబ మళ్ళీ కుర్చీ అంచున కూర్చుంది. "మూడు ఆదివారాల నుంచి చూస్తున్నానండీ. నేనొస్తే పిల్ల లేచి నిలబడి నమస్కారం పెడతా ఉంది. 'మీరు' అంటా ఉంది. కన్నతల్లిని ఎవరైనా మీరంటారా అండీ? మొదట్లో హాస్టల్లో మర్యాదలు నేర్పారేమో అనుకున్నా. పోయిన వారం సున్నుండలు తెచ్చా. తిని, చాలా బాగున్నాయండీ, ధన్యవాదాలు అంది."

"చదువు ఒత్తిడి వల్ల..." అని మొదలుపెట్టింది సీతారత్నం. ఆ మాట ఎన్ని వందల మంది తల్లులతో అందో ఆమెకే లెక్క లేదు.

"మతిమరుపు కాదండీ. అన్నీ గుర్తున్నాయి దానికి. నా పేరు చెబుతుంది, నా పుట్టినూరు చెబుతుంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఏ ఆస్పత్రిలో పడుకుందో కూడా చెబుతుంది. కానీ నన్ను చూస్తే దాని మొహంలో ఏమీ కదలదండీ. బస్సులో పక్కన కూర్చున్న మనిషిని చూసినట్టు చూస్తుంది. నా బాధ మీకు అర్థమవుతుందా మేడం గారూ?"

సీతారత్నానికి అర్థమైంది. ఉన్నట్టుండి రైల్వే స్టేషన్‌లో పావని గుర్తొచ్చింది. మీ గురించి నాకు తెలుసు మేడం. అది గర్వం కాదు. ఆ పిల్ల ఉన్నమాటే చెప్పింది. గురించి తెలుసు, అంతే; పరిచయం తుడిచిపోయింది. సీతారత్నం కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. గోడ మీద ఫొటో ఉన్నది ఈ గదిలో కాకపోవడం మంచిదైందనుకుంది.

"ఇందుజని పిలిపించు," అంది వెంట వచ్చిన ఉపేంద్రతో.

పదహారేళ్ళ ఇందుజ తలుపు దగ్గర ఆగి, అనుమతి అడిగి లోపలికి వచ్చింది. రెండు జడలు, ఇస్త్రీ మడత చెదరని యూనిఫాం, నుదుటి మీద పచ్చదీపం. "నమస్కారమండీ," అంది భ్రమరాంబకు.

సీతారత్నం ఆ దీపం మీద నుంచి చూపు తిప్పలేదు. పరీక్ష గదిలో ఎర్రదీపం వెలగకూడదని వందల పిల్లల కోసం మొక్కుకున్న మనిషి, ఇప్పుడు ఒక్కసారి ఎర్రగా వెలిగితే చాలని మనసులో దండం పెట్టుకుంది. తల్లిని చూసిన పిల్ల తలలో, ఇది నాకు తెలిసిన ముఖమే అన్న కదలిక పుట్టకపోతే ఇంకెక్కడ పుడుతుంది? దీపం పచ్చగానే ఉంది.

"ఇందూ, ఇటు రామ్మా," అంది తల్లి. పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుంది. "మన మగ్గం గుంట గుర్తుందా? నువ్వు దాని పక్కనే ఆడుకునేదానివి. నూలు దూది ఎగిరొచ్చి పొద్దస్తమానం నీ కంట్లో పడేది. ఏడుపు లంకించుకునేదానివి. నేను మగ్గం ఆపేసి, కొంగు ఉండ చేసి నోటితో వేడి ఊది నీ కంటికి అద్దేదాన్ని. గుర్తుందా?"

"గుర్తుందండీ. అప్పుడు నాకు నాలుగేళ్ళు. ఎక్కువగా కుడి కంట్లో పడేది. మీరు కట్టుకునేది ఆకుపచ్చ అంచు చీర."

"అవునే తల్లీ, అదే చీర!" భ్రమరాంబ ముందుకు వంగి పిల్ల చెయ్యి పట్టుకుంది. "నేను మీ అమ్మనే. నీకట్టా అనిపించట్లేదా?"

ఇందుజ కళ్ళు మూసుకుంది. మూడు ఊపిరులు తీసి వదిలింది. కళ్ళు తెరిచి తల కుడివైపుకు కొద్దిగా, సరిగ్గా కావలసినంతే వాల్చింది.

"అయితే," అని కాసేపు ఆగి, "దీనికి విరుద్ధమైన ఆధారం ఎక్కడైనా ఉందా?" అంది.

పద్ధతి ప్రకారం చూస్తే అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. సందేహం అప్పుడే పుట్టినట్టే ఉంది. ఈ పిల్లకు ఆ మూడు ఊపిరులు నేర్పింది సీతారత్నమే, ఆ విరామం ఎంతుండాలో నేర్పిందీ తనే. రెండేళ్ళ పాటు రోజుకు వందసార్లు పరిచయాన్ని తుడవమంటే, పాపం పిల్ల బుద్ధిగా తుడిచింది. ఏది తుడవాలో, ఎక్కడ ఆపాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

భ్రమరాంబ పిల్ల చెయ్యి వదిలేసింది. "మళ్ళీ మామూలవుతుందా అండీ?" అంది సీతారత్నంతో. ఆ గొంతులో కోపం లేకపోవడమే సీతారత్నాన్ని ఎక్కువ బాధించింది.

"నాకు తెలియదమ్మా. అబద్ధం చెప్పను." సీతారత్నం మాటలు వెతుక్కుంది. "ముందు ఈ తుడవడం ఆగాలి. ఇక్కడ ఉంటే అది ఆగదు. ఇంట్లో రోజూ అదే వేళకు అదే జడ వెయ్యండి. అవే కబుర్లు చెప్పండి. విసుగు పుట్టినా మానకండి. ఒకటో ఎక్కం నేర్పినట్టు మిమ్మల్ని మీరు నేర్పండి. బట్టీ పట్టించండి."

ఆ ప్రాంగణంలో బట్టీ అనే మాట పైకి అనకూడదు. ఉపేంద్ర గతుక్కుమని కిటికీ వైపు చూసి, సీతారత్నాన్ని వరండాలోకి రమ్మని సైగ చేశాడు.

"ఏంటి మేడం ఇది? మీరు సర్దిచెబుతారని తీసుకొస్తే... తొమ్మిదంటే తొమ్మిది రోజులు. పరీక్ష అయ్యాక ఎక్కడికైనా తీసుకెళ్ళమనండి."

"తొమ్మిది రోజులంటే ఇంకో తొమ్మిది వందలసార్లు తుడుస్తుంది, ఉపేంద్రా."

"ఇంతమంది పిల్లలున్నారు, ఎవరికీ లేని జబ్బు దీనికే వచ్చిందా?"

"ఎవరికీ లేదని నీకు ఎలా తెలుసు? తల్లులు ఆదివారాలు వస్తారు. పిల్లలు నమస్కారం పెడతారు. ఎంత మర్యాద నేర్పారో అని మురిసిపోయి వెళ్తారు. ఈవిడ ఒక్కతే మురవలేదు."

ఉపేంద్ర మనిషి చెడ్డవాడు కాదు. అతని నుదుటి మీద కూడా పట్టీ ఉంది, పచ్చగానే ఉంది. "బయటికి ఈ మాట పొక్కితే మనమంతా పోతాం. ముందు పోయేది మీరు. పద్ధతి మీ పేరు మీదే ఉంది కదా," అన్నాడు మెల్లగా.

"ఉంది. అందుకే పిల్లని ఇంటికి పంపే చీటీ మీద సంతకం కూడా నేనే పెడతాను."

ఆమె లోపలికి వచ్చి ఇందుజ పక్కన కూర్చుంది. పిల్లను అడక్కుండా పంపడం కూడా తప్పే అనిపించింది. "ఇందుజా, నీకు ఇంటికి వెళ్ళాలని ఉందా, ఇక్కడ ఉండి పరీక్ష రాయాలని ఉందా?"

"రెండు వైపులా వాదనలు ఉన్నాయి మేడం," అంది ఇందుజ వెంటనే. అటు నాలుగు, ఇటు నాలుగు చక్కగా చెప్పింది. ఒక్క మాట తడబడలేదు.

"అవన్నీ సరే. నీకు ఏది కావాలని ఉంది?"

పిల్ల మొదటిసారి తికమకపడింది. చివరికి, "అది సిలబస్‌లో లేదు మేడం," అంది.

ఇరవై రెండేళ్ళు. ఎంత తిరిగినా గానుగెద్దులా మళ్ళీ అక్కడికే వచ్చామని సీతారత్నానికి అనిపించింది. ఆమెకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. జామకాయలు గుర్తొచ్చాయి. చీటీ తీసుకుని సంతకం పెట్టింది. కారణం అన్న చోట ఏం రాయాలో తోచక, 'అమ్మ వచ్చింది' అని రాసింది.

గేటు వరకూ ముగ్గురూ నడిచారు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. తల్లి పెట్టె పట్టుకుని ముందు నడుస్తోంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. వెనక్కి తిరిగితే పిల్ల చూస్తుందని తిరగకుండా నడుస్తోంది.

ఇందుజ సీతారత్నం పక్కకు జరిగి, గొంతు తగ్గించి అడిగింది. "మేడం, ఆవిడ ఎందుకు ఏడుస్తున్నారు?"

పిల్ల కళ్ళు మూసుకోలేదు. ఊపిరులు లెక్కపెట్టలేదు. తల ఎటూ వాల్చలేదు. సీతారత్నం అలవాటు కొద్దీ ఆ ప్రశ్న ఎన్నోదా అని మనసులో వెతికింది. ఒకటి నుంచి రెండు వందల నలభై దాకా అది ఎక్కడా లేదు. నుదుటి మీద దీపం పచ్చగా వెలుగుతోంది. అది నిజమైన పచ్చ. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన విద్యార్థి సొంతంగా అడిగిన మొదటి ప్రశ్న అది. దానికోసమే ఆమె ఒకప్పుడు స్వీట్లు పంచింది.

జవాబు ఆమెకు తెలుసు. చెప్పకుండా ముందు నడుస్తున్న తల్లి వైపు చూసింది.

గేటు దగ్గర సెక్యూరిటీ సూరిబాబు చెయ్యి చాపాడు. కళాశాల పట్టీలు బయటికి పోకూడదు. ఇందుజ నుదుటి నుంచి పట్టీ విప్పి అతని చేతిలో పెట్టింది. రెండేళ్ళుగా ఎండ తగలని చోట తెల్లటి గీత పడి ఉంది. పట్టీ లేకపోయేసరికి చెయ్యి ఊరికే నుదుటి మీదికి పోతోంది. రెండడుగులు ముందుకు వేసి తల్లి ఎదుటికి వెళ్ళింది.

"మీరు ఎందుకు ఏడుస్తున్నారు?" అని ఆవిడనే అడిగింది.

భ్రమరాంబ గబగబా కళ్ళు తుడుచుకుంది. "ఏం లేదమ్మా. కంట్లో నలుసు పడింది."

ఇందుజ ఆవిడ ముఖంలోకి కాసేపు చూసింది. ఆ తర్వాత ఆవిడ భుజం మీది కొంగు తీసుకుని అంచు ఉండ చేసింది. నోటికి దగ్గరగా పట్టుకుని రెండుసార్లు వేడి ఊది, ఆవిడ కుడి కంటికి అద్దింది. ఎవరూ చెప్పకుండానే ఎడమచేత్తో ఆవిడ గడ్డం పట్టుకుని కదలకుండా ఆపింది. భ్రమరాంబ పెట్టె కింద పెట్టేసి అలాగే నిలబడింది.

ఆ పిల్ల తలలో ఇప్పుడు ఏదైనా కదిలిందో లేదో సీతారత్నానికి తెలియదు. చేతులు ఎరిగినదాన్ని తల ఎరిగిందో లేదో కూడా తెలియదు. చెప్పవలసిన పట్టీ సూరిబాబు చేతిలో ఆరిపోయి ఉంది.

లోపల నాలుగో పీరియడ్ గంట మోగింది. తరగతిలో ఇంకా యాభై తొమ్మిది మంది పద్దెనిమిదో సందేహం కోసం కూర్చుని ఉన్నారని గుర్తొచ్చి, ఆమె వెనక్కి నడిచింది.